కొండ మీద పుట్టి వీధిలో పెరిగిన మాటలు

అప్పు ఎగ్గొట్టినవాణ్ని తెలుగువాళ్లు ‘పంగనామం పెట్టాడు’ అంటారు. రావలసిన సొమ్ము ఇక రాదని తేలిపోతే ‘గోవిందా’ అనేస్తారు. నమ్మించి ముంచితే ‘శఠగోపం పెట్టాడు’, ఉన్నదంతా ఊడ్చుకుపోతే ‘గుండు గీశాడు’ అంటారు. సగం చేసి వదిలేసిన పని ‘తిరుపతి క్షవరం’. లంచానికి ‘ముడుపు’ అని పేరు. మనసు పెట్టకుండా చేసింది ‘మొక్కుబడి’. అడ్డగోలు ధరలు ‘నిలువు దోపిడీ’. బజారులో, బస్సులో, కచేరీలో, పత్రికల శీర్షికల్లో నిత్యం వినబడే ఈ మాటలన్నీ దేవాలయం గడప దాటి వచ్చినవే. అందులోనూ చాలావాటి వెనక తిరుమల కొండ మీది మొక్కులు, సేవలు, ఆచారాలు ఉన్నాయి.

చేతులు జోడించి పలికిన మాట మోసానికి, నష్టానికి, దండనకు పేరుగా ఎలా మారింది? ఆచారాల వివరాలు ఒక్కొక్కటిగా చూస్తే జవాబు దొరుకుతుంది. దేవుడి మీద చిన్నచూపుతో పుట్టిన మాటలైతే ఇవి ఇన్ని తరాలు నిలిచేవి కావు. వీటిని వాడేది కొండకు నడిచి వెళ్లేవాళ్లు, తలనీలాలు ఇచ్చేవాళ్లు, ఇంట్లో ముడుపు కట్టుకునేవాళ్లు. దేవుడితో అంత చనువున్నవాళ్లే ఆ మాటలను ఇంటి మాటలుగా, వీధి మాటలుగా చేసుకోగలిగారు.

అందరికీ తెలిసిన కొండ

ఒక ఆచారం నుంచి వాడుక మాట పుట్టాలంటే, చెప్పేవాడికీ వినేవాడికీ ఆ ఆచారం తెలిసి ఉండాలి. ఒక్క ఊరి గుడికే పరిమితమైన తంతు నుంచి పుట్టిన మాట ఆ ఊరి పొలిమేర దాటదు. తిరుమల సంగతి అది కాదు. శ్రీకృష్ణదేవరాయలు 1513కూ 1521కీ మధ్య ఏడుసార్లు ఈ కొండకు వచ్చాడు. 15వ శతాబ్దిలో తాళ్లపాక అన్నమాచార్యులు ఇక్కడి వేంకటేశ్వరస్వామి మీద వేల సంకీర్తనలు రచించి జనం నోటి పలుకుబడిని కొండ మీదికి తీసుకుపోయాడు. ఈస్టిండియా కంపెనీ పాలనలో ఉన్న ఆలయ నిర్వహణ 1843లో హథీరాంజీ మఠం మహంతుల చేతికి వెళ్లింది. 1933 నుంచి తిరుమల తిరుపతి దేవస్థానం చూసుకుంటోంది. పాలకులు మారినా యాత్రికుల రాక ఆగలేదు. నేడు మామూలు రోజుల్లో కూడా 60,000 మందికి పైగా దర్శనం చేసుకుంటారు.

1944లో మొదటి ఘాట్ రోడ్డు వేసేదాకా కొండ ఎక్కడమంటే నడకే, లేదంటే డోలీ. అలిపిరి నుంచి సుమారు 3,550 మెట్లు, మధ్యలో మోకాళ్ల పర్వతం. ఆ దారిలో ధనికుడూ పేదా ఒకే కేక వేస్తూ ఎక్కేవారు, ఒకే కత్తి కింద తల వంచేవారు. ఈ యాత్ర తెలుగు, తమిళ, కన్నడ కుటుంబాలన్నిటికీ తెలిసిన అనుభవం అయింది. అందుకే తిరుపతి, చిత్తూరు వైపు ‘కొండకు పోయినారు’ అంటే ఏ కొండ అని ఎవరూ అడగరు.

గోవిందా

తిరుమల యాత్రలో మొదటి మాటా చివరి మాటా ఇదే. మెట్టెక్కుతూ అలుపు తీరడానికి ‘గోవిందా’, క్యూలో తలుపు తెరుచుకోగానే ‘గోవిందా’, హుండీలో సొమ్ము వేస్తూ ‘గోవిందా’. ఇంటి దగ్గర ఏళ్ల తరబడి కూడబెట్టిన మొక్కు సొమ్ము ఆ ఒక్క కేకతో చేయి దాటిపోతుంది. తిరిగి అడిగేది లేదు, లెక్క చూసుకునేది లేదు. ‘దుడ్లంతా గోవిందా అయిపోయిందబ్బా’ అని చిత్తూరు పల్లెలో ఒక రైతు అన్నాడంటే, ఆ సొమ్ము హుండీలో వేసినంత పక్కాగా పోయిందని అర్థం.

ఈ మాటకు రెండో మూలం కూడా ఉంది. ఈ ప్రాంతంలో, ముఖ్యంగా వైష్ణవ సంప్రదాయం పాటించే కుటుంబాల్లో, శవాన్ని మోసుకుపోయేటప్పుడు గోవింద నామం పలుకుతారు. పోయిన మనిషి మళ్లీ రాడు. ఇదే దారిలో ‘హరీమనడం’ అనే మాట కూడా వచ్చింది. చనిపోయేవాడి నోటా, చుట్టూ ఉన్నవాళ్ల నోటా వినబడే హరినామం చావుకే పర్యాయపదమై, ఆ తర్వాత వ్యాపారం దెబ్బతినడానికి, మోటారు కాలిపోవడానికి కూడా వాడుకలోకి వచ్చింది.

హుండీ దగ్గరా శ్మశానం దారిలోనూ వినబడే గోవింద నామానికి ఒకటే భావం, తిరిగి రానిదాన్ని సాగనంపడం. చావు, నష్టం వంటి చెడు సంగతులను నేరుగా చెప్పకుండా మంచి మాట చాటున చెప్పడాన్ని భాషాశాస్త్రంలో మృదూక్తి అంటారు. దీపం ఆరిపోయిందనడానికి నోరాడక ‘కొండెక్కింది’ అనడం కూడా మృదూక్తే. ‘గోవిందా’ అలా మొదలై, క్రమంగా పోయినదాన్ని తలచుకుని నవ్వుకునే మాటగా స్థిరపడింది.

తల మీద పడ్డ మాటలు

మోసానికి సంబంధించిన తెలుగు వాడుకల్లో ఒక విశేషం కనబడుతుంది. నామం నుదుటి మీద పెడతారు. శఠగోపం తల మీద పెడతారు. గుండు తలకే చేస్తారు. టోపీ, కుచ్చుటోపీ కూడా తలకే. మోసం డబ్బుకు జరిగితే దెబ్బ తల మీద ఎందుకు పడుతోంది?

తెలుగువాళ్లకు పరువు ఉండేది తల మీదే. గౌరవంగా బతికేవాడు తలెత్తుకు తిరుగుతాడు, పరువు పోతే తలవంపులు. గుడిలో కూడా గొప్ప మర్యాద తలకే దక్కుతుంది. తిరుమలలో పెద్దలను సత్కరించేటప్పుడు స్వామివారి వస్త్రాన్ని పరివట్టంగా తలకు చుడతారు. మోసగాడు కూడా అలాగే ఎదుటివాణ్ని పెద్ద చేస్తాడు. తీపిగా మాట్లాడి, నమ్మించి, గౌరవించినట్టే గౌరవించి చేతిలోది లాక్కుంటాడు. గుడి మర్యాదల పేర్లన్నీ మోసానికి అతికినట్టు సరిపోవడానికి ఈ పోలికే కారణం.

పంగనామం సంగతి చూద్దాం. పంగ అంటే రెండుగా చీలిన కొమ్మ. వైష్ణవులు నుదుట తిరుమణితో దిద్దుకునే రెండు తెల్లని నిలువు గీతలు ఆ పంగ ఆకారంలో ఉంటాయి, నడుమ ఎర్రని శ్రీచూర్ణం. తిరుమల మూలమూర్తి నుదుట కళ్లను సగానికి పైగా కప్పేంత వెడల్పయిన పచ్చకర్పూరపు నామం ఉంటుంది. గురువారం నాడు దాన్ని సన్నగా దిద్దినప్పుడే భక్తులకు స్వామి నేత్రదర్శనం దొరుకుతుంది. సంసారం వదిలి, నామం పెట్టుకుని, ఇల్లిల్లూ తిరిగి బిచ్చమెత్తే దాసరులు ఒకప్పుడు ప్రతి పల్లెకూ వచ్చేవారు. కాబట్టి ఒకడికి నామం పెట్టడమంటే వాణ్ని దాసరి చేయడమే, అంటే ఉన్నదంతా పోగొట్టి చేతికి చిప్ప ఇవ్వడమే. దాసరుల మీద పుట్టిన పలుకుబడి ఇదొక్కటే కాదు. ‘దాసరి తప్పు దండంతో సరి’ అన్న సామెత ఇప్పటికీ ఇళ్లలో వినబడుతుంది.

శఠగోపం కథ ఇంకా లోతైనది. కిరీటం ఆకారంలో ఉండి, పైన స్వామి పాదాలు చెక్కిన లోహపాత్ర ఇది. దర్శనమయ్యాక అర్చకుడు భక్తుడి తల మీద దాన్ని క్షణకాలం ఆనించి తీసేస్తాడు. స్వామి పాదాలు తలకు సోకినట్టే. దీనికి ఆ పేరు వైష్ణవ భక్తకవి నమ్మాళ్వారు వల్ల వచ్చింది. శిశువు పుట్టగానే శఠమనే వాయువు ఆవరించి పూర్వజ్ఞానాన్ని మరపిస్తుందని, దాని మీద కోపించి తరిమేసినందుకు ఆయన శఠకోపుడయ్యాడని సంప్రదాయం చెబుతుంది. స్వామి పాదుకలు ఆ ఆళ్వారు రూపమేనని నమ్మి ఆ పాత్రను శఠారి అనీ శఠగోపం అనీ పిలిచారు. దీన్నుంచి మోసం అనే అర్థం రావడానికి రెండు దారులు కనబడతాయి. తల మీద కిరీటం లాంటిది పెట్టినట్టే పెట్టి వెంటనే తీసేయడం ఒకటి. సంస్కృతంలో శఠుడు అంటే వంచకుడు కావడం రెండోది. జ్ఞానం నిలిపిన ఆళ్వారు పేరులో చెవికి వంచకుడి పేరు కూడా వినబడటంతో మాట సులభంగా దారి మళ్లింది.

గుండుకు వస్తే, తిరుమల కల్యాణకట్టలో మగవాళ్లూ ఆడవాళ్లూ పసిపిల్లలూ తలనీలాలు సమర్పిస్తారు. పూర్తిగా ఇవ్వలేని స్త్రీలు మూడు కత్తెరలు ఇస్తారు. స్వామి తల మీద గాయమై జుట్టు లేని చోట నీలాదేవి అనే గంధర్వ కన్య తన కురులు తీసి అతికించిందనీ, అందుకు మెచ్చి భక్తులిచ్చే కురులన్నీ ఆమెకే చెందుతాయని స్వామి వరమిచ్చాడనీ స్థల కథ. ఏడుకొండల్లో నీలాద్రి పేరు ఆమెను తలపించేదే. భక్తుడు ఇష్టంతో ఇచ్చేది తలనీలం. ఇష్టం లేకుండా ఎవరో తీసుకుంటే అది గుండు కొట్టడం. చేసే పని ఒకటే, మనసు వేరు. ‘చీటీల కంపెనీవాడు ఊరంతటికీ గుండు గీసిపోయాడు’ అన్న మాటలో ఆ తేడా అంతా ఉంది. గుండ్రని వస్తువుకు గుండు అని పేరు గనక ‘గుండుసున్నా’ కూడా తోడై, మిగిలింది ఏమీ లేదన్న అర్థం మరింత గట్టిపడింది.

చెవిలో పువ్వు పెట్టడం కూడా ఈ వరసలోదే. గుడిలో ప్రసాదంగా దొరికిన పువ్వును చెవి మీద పెట్టుకుని ఇంటికి రావడం దక్షిణాది అలవాటు. చెవిలో పువ్వున్నవాడు భక్తుడు, అమాయకుడు, చెప్పింది నమ్మేవాడు. ‘నా చెవిలో పువ్వు పెట్టొద్దు’ అంటే నన్ను అంత అమాయకుణ్ని చేయొద్దనే.

తిరుపతి క్షవరం

రద్దీ రోజుల్లో తిరుపతి మంగలి ఒకరికి పూర్తిగా గుండు చేయడట. ముందు నుదుటి మీద ఒక చార గీసి, ‘కూర్చో, వస్తా’ అని పక్కవాడి దగ్గరికి వెళతాడట. సగం గొరిగిన తలతో ఎవరూ లేచి ఇంకొకడి దగ్గరికి పోలేరు. అలా పదిమందిని కూర్చోబెట్టి ఒక్కొక్కరినీ పూర్తి చేస్తాడని చెప్పుకునేవారు. పని మొదలుపెట్టి, బయానా పుచ్చుకుని, మధ్యలో వదిలేసి ఇంకో పనికి పోయే మేస్త్రీలకు, గుత్తేదార్లకు, అధికారులకు ఈ మాట చక్కగా అతికింది.

నేడు కల్యాణకట్టల్లో దేవస్థానం ఉచితంగా, రేయింబవళ్లు, వరుసలు పెట్టి ఈ సేవ నడుపుతోంది. బేరం లేదు గనక చార గీసి కూర్చోబెట్టే అవసరం ఎవరికీ లేదు. ఆచరణ మాయమైనా మాట మాత్రం నిలిచింది.

మొక్కు లెక్కలు

భక్తుడికీ దేవుడికీ మధ్య లావాదేవీ నుంచి పుట్టిన మాటలది మరో కుటుంబం. తిరుమల స్వామికి వడ్డీకాసులవాడని పేరు. నారాయణవనం ఆకాశరాజు కూతురు పద్మావతిని పెళ్లాడటానికి శ్రీనివాసుడు కుబేరుడి దగ్గర అప్పు చేశాడని, కలియుగం పొడుగునా భక్తుల కానుకలతో దాని వడ్డీ కడుతున్నాడని కథ. దేవుడే అప్పుపడిన చోట మొక్కుకు బాకీల భాష రావడం సహజం.

ముడుపు అంటే ముడి వేసి దాచినది. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినా, ఆపద వచ్చినా, పసుపు గుడ్డలో నాణెం కట్టి దేవుడి పటం దగ్గర ఉంచుతారు. గండం గడిచాక ఆ ముడుపును కొండకు మోసుకుపోయి హుండీలో వేస్తారు. పని జరగాలని కోరి, రహస్యంగా కట్టి, పెద్దవాడికి ముట్టజెప్పే సొమ్ము అది. ఈ మూడు లక్షణాలూ లంచంలోనూ ఉన్నాయి. అందుకే లంచం కన్నా పెద్దదైన, పెద్దవాళ్లకు చాటుగా అందే సొమ్మును పత్రికలు ‘ముడుపులు’ అన్నాయి. 1987లో బయటపడిన బోఫోర్స్ ఫిరంగుల వ్యవహారం తెలుగువాళ్లకు బోఫోర్స్ ముడుపుల కేసుగానే గుర్తుంది. నేటి యువతరంలో చాలామందికి ముడుపు అంటే ముందు తోచేది అవినీతి వార్తే. పసుపు గుడ్డ ఆ తర్వాత.

మొక్కుబడిలోని ‘బడి’ రాబడి, దిగుబడి, పెట్టుబడి మాటల్లో ఉన్నదే. మొక్కు వల్ల చెల్లించవలసి వచ్చినది మొక్కుబడి. బిడ్డకు జ్వరం కాస్తున్న రాత్రి మొక్కినప్పుడు ఉన్న ఆర్తి, బిడ్డ బాగుపడి రెండేళ్లయ్యాక కొండకు వెళ్లినప్పుడు ఉండదు. అప్పటికి బాకీ తీర్చుకోవడమే మిగులుతుంది. ‘సమావేశం మొక్కుబడిగా ముగిసింది’ అన్న వార్తలో ఉన్నది ఆ చల్లారిన మనసే. మనిషి స్వభావాన్ని ఇంత సూక్ష్మంగా పట్టుకున్న మాట అరుదు.

నిలువు దోపిడీ వీటిలో అన్నిటికన్నా విచిత్రమైనది. కష్టకాలంలో ‘నిలువు దోపిడీ ఇస్తాను స్వామీ’ అని మొక్కుకున్నవాళ్లు, కొండకు వెళ్లిన రోజున ఒంటి మీద ఉన్న నగలన్నీ, తాళి దగ్గర్నుంచి కాలి మెట్టెల దాకా, ఒలిచి హుండీలో వేస్తారు. నిలుచున్న మనిషి నిలువెత్తునా ఒలిచి ఇవ్వడం అది. భక్తురాలు తన దానాన్ని తానే దోపిడీ అని పిలుచుకుంది. దొంగ దోచుకున్నట్టు స్వామి తనను దోచుకున్నాడన్న ప్రేమ ఆ మాటలో ఉంది. ఆసుపత్రి బిల్లులకూ కళాశాల ఫీజులకూ అదే మాట వాడినప్పుడు దోపిడీ మిగిలింది, ప్రేమ పోయింది.

గర్భగుడి నుంచి కచేరీ దాకా

సేవల పేర్లు కూడా ఇలాగే దిగివచ్చాయి. కైంకర్యం అంటే కింకరుడు చేసే పని. ‘ఏమి చేయమంటారు?’ అని చేతులు కట్టుకుని నిలబడేవాడు కింకరుడు. స్వామికి పూలు కట్టడం, వంట చేయడం, వేదం చదవడం అన్నీ కైంకర్యాలే. వాటికోసం రాజులూ భక్తులూ భూములిచ్చారు, సొమ్ము ఇచ్చారు. దేవుడి కైంకర్యానికని ఇచ్చిన సొమ్ము నడుమ మనుషుల పాలైనప్పుడు ‘కైంకర్యం చేశాడు’ అన్న మాట దిగమింగాడన్న అర్థంలోకి జారింది. ‘స్వాహా’ కూడా అంతే. హోమంలో హవిస్సు వేస్తూ పలికే మాట అది. అగ్నిలో పడ్డది బూడిదే తప్ప తిరిగి రాదు. నిధులు స్వాహా అయినా అంతే.

అక్షింతలు దీవెనకు వేసే గింజలు. అక్షతం అంటే విరగనిది. పెళ్లిలో పెద్దలు పిల్లల తల మీద వేసేవి ఇవే. పెద్దవాళ్లు చిన్నవాళ్ల నెత్తిన వేసేవి కాబట్టి తిట్లకు కూడా ఆ పేరే వచ్చింది. ‘అధికారులకు హైకోర్టు అక్షింతలు’ అన్న శీర్షిక తెలుగు పాఠకుడికి కొత్త కాదు. తిట్ల దండకం ఎక్కువైతే ‘అష్టోత్తరం చదివాడు’ అంటారు, దొరికిన దొంగకు జనం చేసేది ‘దేహశుద్ధి’.

పూజ ముగింపు నుంచి వచ్చిన మాటలు పదవీ భాషలో స్థిరపడ్డాయి. వినాయక చవితి లాంటి పండుగల్లో మట్టి బొమ్మలోకి దేవుణ్ని ఆవాహన చేస్తారు. పూజ ముగిశాక బొమ్మను కొద్దిగా కదిలించి ఉద్వాసన చెబుతారు. ఇక ఆ బొమ్మలో దేవుడు ఉండడు. నియమించి కూర్చోబెట్టి, పని అయ్యాక కదిలించి పంపేయడం ఉద్యోగాలకూ మంత్రి పదవులకూ సరిగ్గా సరిపోయింది. తిరుమల మూలమూర్తి లాంటి నిత్యపూజలందుకునే స్వామికి ఉద్వాసన లేదు. ఉద్వాసన ఎప్పుడూ తాత్కాలికంగా కూర్చున్నవాడికే. భజన, హరికథ చివర మంగళం పాడతారు. అందుకే మూతపడిన పథకానికి ‘మంగళం పాడారు’. చనిపోయినవాళ్లకు వదిలే నువ్వులూ నీళ్లూ తిలోదకాలు. అందుకే గాలికి వదిలేసిన నియమాలకు ‘తిలోదకాలిచ్చారు’.

చివరికి పూజ్యమన్న మాట కూడా మారింది. పూజకు తగినది అని దాని మొదటి అర్థం. సున్నాకు పూజ్యమన్న పేరు తమిళంలో, మలయాళంలో కూడా ఉంది. ‘ప్రచారం ఘనం, ఫలితం పూజ్యం’ అన్నప్పుడు తెలుగులో వినబడేది ఆ సున్నాయే. గౌరవమైన అర్థం నుంచి మాట ఇలా దిగిపోవడాన్ని తెలుగు భాషాశాస్త్ర గ్రంథాలు అర్థగ్రామ్యత అంటాయి. వేదం చదివినవాడైన ఛాందసుడు నేడు పాతకాలపు మనిషి కావడం కూడా అందుకు ఉదాహరణే.

జాతర వేషాలు

కొండ కింద తిరుపతి ఊళ్లో ఏటా మే నెలలో గంగమ్మ జాతర జరుగుతుంది. గంగమ్మ వేంకటేశ్వరుడికి చెల్లెలని ఊరివాళ్ల నమ్మకం. ఆడవాళ్లను చెరపట్టే ఒక పాళెగాణ్ని చంపడానికి గంగమ్మ రోజుకొక మారువేషంలో వెతికిందని, దొర వేషంలో వచ్చి వాణ్ని హతమార్చిందని కథ. దాన్ని అనుసరించి బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి లాంటి వేషాలు ఊరంతా తిరుగుతాయి. మొక్కుకున్న మగవాళ్లు చీర కట్టి ఆడవేషం వేస్తారు. అమ్మవారిని బూతులు తిట్టడం కూడా మొక్కులో భాగమే. మామూలు రోజుల్లో నోరు జారితే తప్పయ్యే మాట, ఆ వారం రోజులూ ఆరాధన అవుతుంది.

తెలుగునాట అంతటా ‘నా దగ్గర వేషాలెయ్యొద్దు’ అంటారు. వీధి నాటకాలు, పగటి వేషాలు, ఇలాంటి జాతరలు కళ్ల ముందు ఉన్న జనానికి వేషమంటే లేనిది ఉన్నట్టు చూపడమని విడమరిచి చెప్పనక్కర్లేదు. అమ్మవారి మారువేషం దుర్మార్గుణ్ని పట్టడానికి. వాడుక మాటలోని వేషం తప్పించుకోవడానికి. ఈ జాతర రూపం 2024 డిసెంబరులో వచ్చిన ‘పుష్ప 2’ సినిమాతో దేశమంతటికీ తెలిసింది. అంతకు మూడేళ్ల ముందు వచ్చిన మొదటి భాగం నుంచి ‘తగ్గేదే లే’ ఊతపదమైంది. ‘లేదు’ను ‘లే’ అని కురచ చేసే చిత్తూరు పలుకుబడి దానితో పాటే భాష తెలియనివాళ్ల నోటికీ ఎక్కింది.

ఎల్ల దాటిన మాటలు

1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లా తెలుగు, తమిళ, కన్నడ సీమల కూడలి. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. 2022లో తిరుపతి వేరే జిల్లా అయింది. గీతలు మారినా మాటలు అటూ ఇటూ నడుస్తూనే ఉన్నాయి. ఇక్కడివాళ్లు బంగాళాదుంపను ఉర్లగడ్డ అంటారు, తమిళంలో ఉరుళై అంటే గుండ్రనిది. మాట్లాడకుండా ఉండమనడానికి ‘గమ్మునుండు’ అంటారు, తమిళులూ ఆ మాటే అంటారు. డబ్బుకు వాడే దుడ్డు కన్నడంలోనూ ఉంది.

కొండ మాటలు కూడా ఇలాగే పంచుకున్నవి. తమిళులు మోసపోతే ‘పట్టై నామం’ పెట్టారంటారు, కన్నడిగులు ‘పంగనామ’ వేశారంటారు. మొట్ట కొట్టడమని తమిళంలో, తల బోళించడమని కన్నడంలో చెప్పేది తెలుగువాళ్ల గుండు కథనే. ‘గోవిందా’ మూడు భాషల్లోనూ ఒక్కటే. ఒకే కొండకు వెళ్లొచ్చిన జనం ఒకే రకమైన మాటలు ఇంటికి తెచ్చుకున్నారు. కుంభకోణం సంగతి మాత్రం వేరు. తమిళనాట ఉన్న ఆ గుడుల ఊరి పేరు తెలుగులో పెద్ద మోసానికి పేరైంది, తమిళ పత్రికలు అలాంటి మోసాన్ని ఊళల్ అంటాయి.

ఇది ఒక్క దక్షిణాది ముచ్చట కాదు. ఇంగ్లండులోని ఈలీ పట్టణంలో సెయింట్ ఆడ్రీ పేరిట జరిగే సంతలో అమ్మిన లేసు పట్టీల నుంచి, నాసిరకం తళుకుకు ‘టాడ్రీ’ అన్న ఆంగ్ల పదం వచ్చింది. కెనడాలోని క్యూబెక్‌లో చర్చి పూజాపాత్రల పేర్లే గట్టి తిట్లు. జనం నిత్యం తిరిగే పుణ్యస్థలం ఎక్కడున్నా అక్కడి మాటలు బజారుకు వస్తాయి.

మాట పుట్టుకను తేల్చడం

వాడుక మాటలకు కథలు అల్లడం తేలిక. అందుకే ప్రతి కథనూ పరీక్షించాలి. వినడానికి బాగున్న కథను మాటకు అంటగట్టడాన్ని లోకనిరుక్తి అంటారు. కాసు మాట దానికి మంచి పాఠం. ఒకప్పటి చిన్న రాగి నాణేలను ఆంగ్లేయులు ‘క్యాష్’ అన్నది కాసు నుంచే, పోర్చుగీసుల నోటి మీదుగా. కానీ బ్యాంకుల్లో నగదుకు వాడే ‘క్యాష్’ ఫ్రెంచిలో పెట్టె అనే అర్థమున్న వేరే మాట నుంచి వచ్చింది. రెండూ ఒకేలా వినబడటంతో ఒకటే అనుకోవడం పొరపాటు.

పరీక్షలు మూడు. మొదటిది కాగితం. ‘ఐపీ పెట్టాడు’ అన్న మాటకు మూలం ఇన్‌సాల్వెన్సీ (దివాలా) పిటిషన్ అనే ఆంగ్ల పదాల పొడి అక్షరాలు, 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం దానికి సాక్ష్యం. పాత మాటలకు 1852లో వచ్చిన బ్రౌన్ నిఘంటువు, 1868లో మద్రాసులో అచ్చయిన కార్ సామెతల సంకలనం లాంటివి చూడాలి. రెండోది ధ్వని మార్పు. గోలకు పేరైన ‘రచ్చ’ కొత్త మాటలా వినిపించినా అది సంస్కృత రథ్య, ప్రాకృత రచ్ఛల వారసురాలు. వీధి అనే అర్థం నుంచి రచ్చబండకు, ‘రచ్చకెక్కడం’ నుంచి నేటి గోలకు వచ్చింది. మూడోది ఆచారం. కథ చెప్పిన వివరం ఆచరణలో ఉందో లేదో చూడాలి. ఉద్వాసన, ముడుపు, శఠగోపం ఈ పరీక్షకు చక్కగా నిలబడతాయి.

ఈ మూడో పరీక్షకే ఇప్పుడు తొందర ఉంది. ఆలయ సేవల్లో వంశపారంపర్య మిరాశీ హక్కులను 1987 చట్టం రద్దు చేసింది. హుండీ కానుక ఇంటి నుంచే ఫోనులో వేయవచ్చు. దాసరులు అరుదయ్యారు. రూపాయికి పదహారణాలన్న లెక్క 1957లో పోయినా ‘పదహారణాల తెలుగు’ నిలిచింది. దాని అర్థం మాత్రం విడమరిస్తే తప్ప పిల్లలకు తెలియదు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు లాంటి రచయితలు చిత్తూరు పలుకుబడిని కథల్లో భద్రం చేశారు. ఆ పని కథలతో ఆగిపోకూడదు. కల్యాణకట్టలో కత్తి పట్టినవాళ్లు, కైంకర్యపరులు, జాతరలో వేషం కట్టేవాళ్లు, ముడుపు కట్టే అవ్వలు ఈ మాటలకు మొదటి సాక్షులు. వాళ్లు ఉండగానే వాళ్ల నోటి నుంచి విని రాసుకుంటే, ఒక్కొక్క మాట ఏ ఆచారంలో పుట్టిందో ఊహ మీద ఆధారపడకుండా చెప్పగలిగే నిఘంటువు తెలుగుకు సమకూరుతుంది.